యంత్రానికి మాట నేర్పిన గ్రేస్ హాపర్

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునే విద్యార్థులు ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చోగానే చేసే పని దాదాపు ఒకే విధంగా ఉంటుంది. ముందుగా ఒక భాషను ఎంచుకుంటారు. అది సి అయితే సి కంపైలర్‌ను, జావా అయితే జావా కంపైలర్‌ను ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని తమ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటారు. రాసుకోవడానికి ఒక ఎడిటర్‌ను సిద్ధం చేసుకుంటారు. నాలుగు పంక్తులు రాసి నడిపి చూస్తారు. తెరపై ఒక పలకరింపు మాట కనిపిస్తే యంత్రం పాఠానికి సిద్ధమైనట్టే. అన్నీ సవ్యంగా సాగితే ఇది అరగంట పని.

ఈ అరగంటలో ముఖ్యమైన వస్తువు కంపైలర్. పాత రోజుల్లో కచేరీల్లో దుబాసీలుండేవారు. ఒక భాషలో చెప్పినదానిని మరొక భాషలో దొరకు వినిపించడం వారి వృత్తి. కంపైలర్ చేసేదీ అదే. మనిషి చదవగలిగిన మాటల్లో రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం నడపగలిగిన అంకెల ఆదేశాలుగా మారుస్తుంది. ఈ దుబాసీ లేని కాలం ఒకటుండేది. ఆ పనిని మనిషి చేయనవసరం లేదని, యంత్రానికే అప్పగించవచ్చని తొలినాళ్లలోనే చెప్పి, చేసి చూపిన వ్యక్తి అమెరికా గణిత శాస్త్రవేత్త, నౌకాదళ అధికారిణి గ్రేస్ హాపర్. ఆమె జన్మదినమైన డిసెంబర్ 9 వచ్చే వారాన్నే అమెరికాలో ఏటా కంప్యూటర్ విద్యా వారోత్సవంగా జరుపుకుంటారు.

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి బీమా వ్యాపారంలో ఉండేవారు. తల్లికి గణితమంటే మక్కువ ఉన్నా, ఆనాటి ఆడపిల్లలకు దానిని పై స్థాయిలో చదివే అవకాశం తక్కువ. తాతగారు సర్వే పనులకు వెళుతూ మనుమరాలిని వెంట తీసుకెళ్లేవారు. ఏడేళ్ల వయసులో ఆ పిల్ల చేసిన ఘనకార్యం ఒకటి జీవితకథలన్నింటిలోనూ కనిపిస్తుంది. అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూడాలని దానిని విప్పింది. తిరిగి బిగించడం రాలేదు. రహస్యం తెలుసుకోవడానికి మరొకటి విప్పింది. అలా ఇంట్లోని ఏడు గడియారాలు ముక్కలయ్యాక గానీ తల్లికి సంగతి తెలియలేదు. ఆపైన ప్రయోగాలను ఒక్క గడియారానికే పరిమితం చేయాలన్న కట్టడి వచ్చింది. తల్లి పూర్తిగా వద్దని చెప్పకపోవడం గమనించదగినది.

వాసర్ కళాశాల ప్రవేశానికి తొలిసారి ప్రయత్నించినప్పుడు లాటిన్‌లో మార్కులు చాలలేదు. మరుసటి ఏడాది సీటు దొరికింది. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో పట్టభద్రురాలయ్యారు. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఎ., 1934లో గణితంలో డాక్టరేట్ పొందారు. 1930లోనే విన్సెంట్ ఫోస్టర్ హాపర్ అనే సాహిత్య అధ్యాపకుణ్ణి వివాహమాడారు. 1945లో వారు విడాకులు తీసుకున్నారు. హాపర్ అన్న ఇంటిపేరు మాత్రం చివరివరకూ ఆమెతో ఉండిపోయింది.

1931 నుంచి వాసర్‌లోనే ఆమె గణితం బోధించారు. ఆమె పాఠం చెప్పే తీరులో ఒక విశేషముంది. సంభావ్యత పాఠాలను ఒక సూత్రంతో మొదలుపెట్టి, దాని గురించి వ్యాసం రాసుకురమ్మని విద్యార్థినులను అడిగేవారు. తాము గణితం క్లాసుకు వచ్చామే గానీ భాషా బోధనకు రాలేదని వారు సణిగేవారట. తెలిసిన గణితాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది తెలిసీ ప్రయోజనం లేదన్నది ఆమె సమాధానం. ఆ తర్వాత ఆమె చేపట్టిన పనులన్నింటికీ మూలం ఇక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. హాపర్ నౌకాదళంలో చేరడానికి ముందుకు వచ్చారు. వయసు ఎక్కువన్నారు. గణిత అధ్యాపకురాలిగానే దేశానికి అవసరమన్నారు. పైగా ఆమె బరువు 48 కిలోల లోపే, అంటే నిబంధనకు దాదాపు 7 కిలోలు తక్కువ. ప్రత్యేక అనుమతి సంపాదించి 1943 డిసెంబర్‌లో నౌకాదళ రిజర్వులోని మహిళా విభాగంలో చేరారు. శిక్షణలో మొదటి స్థానంలో నిలిచారు. 1944 జూలై ఆరంభంలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ ఆధ్వర్యంలో మార్క్-1 అనే యంత్రం నౌకాదళం కోసం లెక్కలు చేస్తోంది.

ఆ యంత్రాన్ని ఒకసారి ఊహించుకోవాలి. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. లోపల 7 లక్షలకు పైగా భాగాలు, వందల మైళ్ల తీగ. సెకనుకు మూడు కూడికలు చేస్తుంది. ఒక గుణకారానికి 6 సెకన్లు పడుతుంది. 23 అంకెల సంఖ్యలను 72 వరకు గుర్తుంచుకోగలదు. నేటి చేతిఫోనుతో పోల్చి నవ్వుకోవడం సులభమే. ఆనాడు గదినిండా మనుషులు నెలల తరబడి చేసే లెక్కలను అది రోజుల్లో ముగించేది.

హాపర్‌కు అప్పటివరకు అలాంటి యంత్రాన్ని చూసిన అనుభవం లేదు. లోకంలో ఎవరికీ పెద్దగా లేదు. ఐకెన్ ఆమెకు యంత్రాన్ని చూపి, ఆదేశాల సంకేతాలున్న చిన్న పుస్తకం చేతిలో పెట్టి, ఒక త్రికోణమితి శ్రేణికి గుణకాలను తదుపరి గురువారానికల్లా లెక్కించి తెమ్మన్నారు. పాఠం అంతే. అప్పటికే అక్కడ పనిచేస్తున్న రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు యువ అధికారులు దగ్గరుండి దారి చూపారు.

ఒక లెక్కకు యంత్రాన్ని సిద్ధం చేయడమంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. లెక్కను ముందు చిన్న చిన్న అంచెలుగా విడగొట్టాలి. ఒక్కో అంచెకు సంకేతం రాయాలి. ఆ సంకేతాల ప్రకారం కాగితపు పట్టీపై వరుసగా రంధ్రాలు వేయాలి. ఒకే లెక్క మళ్లీ మళ్లీ జరగాలంటే పట్టీ రెండు కొసలనూ అంటించి మాలలా చేసి యంత్రానికి తగిలించాలి. స్థిరంగా ఉండే సంఖ్యలను స్విచ్‌లు తిప్పి పెట్టాలి. అచ్చు ఏ వరుసలో పడాలో ప్లగ్గులు గుచ్చి చెప్పాలి. ఒక్క రంధ్రం తప్పుగా పడితే గంటల శ్రమ వృథా. యంత్రం పగలూ రాత్రీ నడిచేది కనుక దాన్ని కనిపెట్టుకుని మనుషులూ మేలుకుని ఉండేవారు.

యంత్రాన్ని ఎలా వాడాలో వివరిస్తూ పుస్తకం రాయమని ఐకెన్ ఆమెను ఆదేశించారు. తానెన్నడూ పుస్తకం రాయలేదని ఆమె అన్నా వినలేదు. రోజూ రాసిన కొన్ని పేజీలను సాయంత్రం ఆయనకు చదివి వినిపించాలి. అలా తయారై 1946లో వెలువడిన గ్రంథం 500 పేజీలు దాటింది. కంప్యూటర్‌ను కొత్తగా నేర్చుకునేవారి కోసం వెలువడిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆ గదిలో జరిగిన లెక్కలన్నీ అమాయకమైనవి కావు. 1944లో జాన్ వాన్ నాయ్‌మన్ ఒక సమీకరణాన్ని తెచ్చి దాన్ని సాధించిపెట్టమన్నారు. అది దేనికోసమో బృందానికి చెప్పలేదు. లోపలికి కుప్పకూలే విస్ఫోటనానికి సంబంధించిన ఆ గణితం అణుబాంబు కోసమని తర్వాతే తెలిసింది.

హాపర్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది చిమ్మట కథ. 1947 సెప్టెంబర్ 9న మార్క్-2 యంత్రంలోని ఒక రిలేలో చిమ్మట ఇరుక్కుని పని ఆగింది. దానిని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ప్రోగ్రామ్‌లోని తప్పును పురుగు అనే అర్థంలో బగ్ అనడం అలా మొదలైందని, ఆ పురుగును పట్టింది హాపరేనని వార్తా సంస్థలు ఏటా రాస్తూనే ఉంటాయి. యంత్రాల లోపాలను బగ్ అనడం ఎడిసన్ కాలంనాటికే ఉంది. చిమ్మటను పట్టినవారు వేరే సిబ్బంది. హాపర్ ఆ కథను ఊరూరా చెప్పి ప్రాచుర్యంలోకి తెచ్చారు. పురుగుతో సహా ఆ పేజీ నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

యుద్ధం ముగిశాక ఆమె పరిస్థితి చిక్కుల్లో పడింది. రెగ్యులర్ నౌకాదళంలోకి మారదామంటే వయసు అడ్డొచ్చింది. వాసర్‌లోని ఉద్యోగాన్ని ఆమే వదులుకున్నారు. హార్వర్డ్‌లో పరిశోధకురాలిగా దొరికిన పదవి తాత్కాలికం. మహిళలకు అక్కడ శాశ్వత స్థానం దక్కే వీలు లేకపోయింది. ఆ ఏళ్లలో మద్యపానం ఆమెను పట్టుకుంది. మిత్రులు ఆందోళన చెందారు. నౌకాదళం ప్రచురించే వీరగాథల్లో ఈ అధ్యాయం ఉండదు. 1949లో ఫిలడెల్ఫియా వెళ్లి ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరినప్పుడు ఆమె వయసు 42. వెనుక ఉద్యోగ భద్రత లేదు, ముందు తెలిసిన దారి లేదు.

ఆ కంపెనీ అప్పుడు యూనివాక్ అనే కంప్యూటర్‌ను తయారుచేస్తోంది. 1952 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి కొద్ది ఓట్ల లెక్కతోనే ఐసెన్‌హోవర్ భారీ విజయాన్ని సూచించిన యంత్రమిదే. ఆ ఫలితాన్ని నమ్మలేక ప్రసార సంస్థ సీబీఎస్ దానిని ప్రకటించడానికి వెనుకాడింది. తీరా యంత్రమే నెగ్గింది.

ఆ కంపెనీలోని మరో యంత్రం బైనాక్ 8 ఆధారంగా ఉండే అంకెల పద్ధతిలో పనిచేసేది. దానికోసం హాపర్ ఆ పద్ధతిలో కూడికలు, తీసివేతలు సాధన చేశారు. కొన్నాళ్లకు బ్యాంకు ఖాతా లెక్క కుదరడం మానేసింది. బ్యాంకు ఉద్యోగి అయిన తమ్ముడు పుస్తకం తిరగేసి చూస్తే, అక్కడక్కడ ఆమె 8 ఆధారంగా తీసివేతలు చేసినట్టు బయటపడింది. ఆమే తర్వాత నవ్వుతూ చెప్పుకున్న ముచ్చట ఇది. నవ్వు వెనుక ఆమెకు పట్టుబడిన సంగతి వేరు. యంత్రం కోసం మనిషి తన లెక్కల పద్ధతినే మార్చుకుంటున్నాడు. మార్చుకోవలసింది యంత్రం కదా అన్న ఆలోచన అప్పుడే బలపడింది.

దీనికి తోడు హార్వర్డ్ అనుభవం ఒకటుంది. అక్కడ ఒకరు రాసిన లెక్క ముక్కను మరొకరు తమ నోటుపుస్తకంలోకి ఎత్తిరాసుకునేవారు. చేత్తో రాయడంలో ఆంగ్ల అక్షరం బి కాస్తా 13 అయిపోయేది. స్థానాల సంఖ్యలు మార్చడంలో కూడిక తప్పేది. ఎత్తిరాయడం, చిరునామాలు సరిచూసుకుని కూడటం మనుషులకు చేతకాని పనులు. యంత్రానికి అవే చేతనైన పనులు. మరి ప్రోగ్రామ్‌ను కూర్చే పనిని యంత్రానికే అప్పగిస్తే? లెక్క ముక్కలన్నింటినీ అయస్కాంత టేపుపై ఉంచి, ఒక్కోదానికి పిలుపు సంకేతం ఇచ్చి, ఆ సంకేతాలు రాసిస్తే యంత్రమే వాటిని వెదికి కూర్చుకునేలా ఆమె 1951-52లో ఒక ప్రోగ్రామ్ రాశారు. పేరు ఏ-0. 1952 మే నెలలో పిట్స్‌బర్గ్ సమావేశంలో దానిపై పత్రం సమర్పించారు. పత్రం శీర్షిక కంప్యూటర్‌కు విద్య చెప్పడం గురించినది. అధ్యాపకురాలి శీర్షికే అది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఏ-0 నేటి అర్థంలో పూర్తి కంపైలర్ కాదు. సిద్ధంగా ఉన్న ముక్కలను అతికే సాధనానికే అది దగ్గర. గణిత సమీకరణాల్లాంటి భాషను నిజంగా అనువదించి, వేగంలో మనిషితో పోటీపడిన ఘనత 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం రూపొందించిన ఫోర్‌ట్రాన్‌కు దక్కుతుంది. మన దేశంలోనూ 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 యంత్రం వచ్చినప్పుడు, శిక్షణకు వచ్చినవారు నేర్చింది ఫోర్‌ట్రాన్‌నే. అయితే ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను తయారుచేయగలదన్న మాటను నలుగురూ కొట్టిపారేసిన రోజుల్లో, నడిచే ఉదాహరణను ఎదుట పెట్టినవారిలో హాపర్ ముందువరుసలో ఉన్నారు. కంప్యూటర్ లెక్కలే చేస్తుంది, ప్రోగ్రామ్‌లు రాయదన్న జవాబు ఆమెకు చాలాకాలం వినిపించింది.

తర్వాతి అడుగు ఇంకా సాహసమైనది. సమీకరణాలతో పనిచేసేవారికి గుర్తులు చాలు. జీతాల పట్టీలు, సరుకు నిల్వలు, బీమా ఖాతాలు చూసే గుమాస్తాలకు, మేనేజర్లకు గుర్తులంటే బెదురు. వారికి మాటలు కావాలి. యంత్రానికి అక్షరమైనా గీత అయినా ఒక ఆనవాలే కనుక, ఆంగ్ల మాటలతోనే ఆదేశాలు రాయవచ్చని ఆమె ప్రతిపాదించారు. కంప్యూటర్‌కు ఆంగ్లం అర్థం కాదని పై అధికారులు తోసిపుచ్చారు. ఆమె బృందం ఒక చిన్న నమూనా తయారుచేసి చూపింది. ఆంగ్లంలో రాసిన ప్రోగ్రామ్ నడిచింది. అక్కడితో ఆగకుండా, అదే ప్రోగ్రామ్‌ను ఫ్రెంచ్ మాటలతోనూ, జర్మన్ మాటలతోనూ నడిపి చూపారు.

ఆమె ఉద్దేశంలో ఇది ఆలోచనకు పరాకాష్ఠ. మాట మారినా యంత్రం చేసే పని మారదు, దుబాసీకి ఆ మాటల పట్టిక ఇస్తే చాలు. అధికారులకు మాత్రం గుండె గుభేలుమంది. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్ ఫ్రెంచ్‌నూ జర్మన్‌నూ అర్థం చేసుకోవడమేమిటని కలవరపడ్డారు. ఆంగ్లం తప్ప మరో భాష జోలికి వెళ్లబోమని నచ్చజెప్పడానికి ఆమెకు నెలలు పట్టింది.

తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు ఈ సంఘటన కథలా అనిపించకపోవచ్చు. పైథాన్ భాషలో ఇప్పుడు చలరాశులకు, ఫంక్షన్లకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు. మొత్తం అని, మార్కులు అని రాస్తే పైథాన్ అభ్యంతరం చెప్పదు. ఆ భాషలో స్థిరపడిన ఆదేశ పదాలు మాత్రం ఆంగ్లంలోనే ఉన్నాయి. దీనికి సాంకేతిక కారణం లేదని హాపర్ 1950ల్లోనే నిరూపించారు. వాడుక, సౌలభ్యం, మార్కెట్ అలా స్థిరపరిచాయి.

ఆ ప్రయత్నం నుంచి ఫ్లో-మ్యాటిక్ అనే భాష పుట్టింది. ఇంతలో ఒక్కో కంపెనీ తన యంత్రానికి ఒక్కో భాష తయారుచేయసాగింది. యంత్రం మార్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్‌లన్నీ తిరిగి రాయవలసి వచ్చేది. అందరికీ ఉమ్మడిగా ఒక వ్యాపార భాష ఉండాలని బరోస్ కంపెనీకి చెందిన మేరీ హాస్ సూచించారు. అమెరికా రక్షణశాఖ అండగా నిలవడంతో 1959 మే నెలలో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. ఏర్పడిన సంఘంలో జీన్ సామెట్ వంటివారు భాష నియమాలను రూపొందించారు. హాపర్ సలహాదారు. ఆమెను కోబాల్ భాషకు తల్లి అనడం సామెట్‌కు నచ్చేది కాదు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. ఫ్లో-మ్యాటిక్ పునాది లేకుండా కోబాల్ ఆ రూపంలో ఉండేది కాదన్నదీ నిజమే. 1960 డిసెంబర్‌లో రెండు వేర్వేరు కంపెనీల యంత్రాలైన యూనివాక్-2, ఆర్‌సీఏ 501లపై ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను దాదాపు మార్పులు లేకుండా నడిపి చూపారు.

1966 చివర నౌకాదళ రిజర్వు ఆమెకు వయసు కారణంగా పదవీ విరమణ ఇచ్చింది. ఏడు నెలలు తిరక్కుండానే, తమ కోబాల్ ప్రోగ్రామ్‌లలోని గందరగోళాన్ని సరిచేయమని 1967 ఆగస్టులో మళ్లీ పిలిచింది. ఆరు నెలల కోసమని వెళ్లిన ఆమె దాదాపు రెండు దశాబ్దాలు పనిచేశారు. కంపెనీలు అమ్మే కోబాల్ కంపైలర్లు ప్రమాణానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే పరీక్షలను ఆమె బృందం సిద్ధం చేసింది. 1973లో కెప్టెన్ అయ్యారు. 1983లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఆమెను చూసిన కాంగ్రెస్ సభ్యుడొకరు చొరవ తీసుకోగా కామడోర్ హోదా లభించింది. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది.

ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు ఆమె చేతిలో తీగ ముక్కల కట్ట ఉండేది. ఒక్కో ముక్క పొడవు 11.8 అంగుళాలు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం ప్రయాణించగల గరిష్ఠ దూరమది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపడానికి అంత సమయం ఎందుకు పడుతుందని సేనాపతులు అడిగితే, ఇక్కడికీ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటి ముక్కలు ఎన్నో ఉన్నాయని చూపేవారు. ఆఫీసు గోడపై ఆమె గడియారం వెనక్కి తిరిగేది. సమయం మాత్రం సరిగ్గానే చూపేది. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నామన్న మాట ఆమెకు గిట్టదు.

1986 ఆగస్టు 14న బోస్టన్ రేవులో, 1797 నాటి పాత యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌పై ఆమెకు వీడ్కోలు పలికారు. అప్పటికి వయసు 79. ఆ తర్వాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా కొనసాగారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక 1997లో నౌకాదళంలో చేరింది. అధ్యక్ష స్వాతంత్ర్య పతకాన్ని 2016లో మరణానంతరం ప్రకటించారు.

ఆ నౌక నీళ్లలోకి దిగిన రోజుల్లోనే కోబాల్ అన్న మాట హైదరాబాద్ అమీర్‌పేట సందుల్లో బోర్డులకెక్కింది. జ్ఞాపకస్థలం పొదుపు కోసం సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసిన పాత ప్రోగ్రామ్‌లు 2000 సంవత్సరం రాగానే తడబడతాయన్న భయం అప్పుడు బ్యాంకులను, బీమా సంస్థలను పట్టుకుంది. వాటిని సరిచేయడానికి కోబాల్ తెలిసినవారు కావలసి వచ్చింది. కొన్ని నెలల కోర్సు చేసి వీసా సంపాదించి అమెరికా విమానమెక్కిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామంది ఆమె పేరు విని ఉండకపోవచ్చు.

ఇప్పుడు కోబాల్ నేర్వాలనుకునేవారు గ్నూకోబాల్ అనే కంపైలర్‌ను ఉచితంగా తెచ్చుకుని ఇంటి కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కోబాల్ ప్రోగ్రామ్‌లో నాలుగు విభాగాలుంటాయి. మొదటిది ప్రోగ్రామ్ పేరు చెబుతుంది. రెండో దాని పేరు ఎన్విరాన్‌మెంట్ డివిజన్. ఏ యంత్రంపై కంపైల్ చేస్తున్నారో, ఏ యంత్రంపై నడుపుతారో చెప్పడానికి ఉద్దేశించిన చోటు అది. యంత్రం మారితే ముఖ్యంగా ఈ కొద్ది పంక్తులు మార్చుకుంటే చాలుననే దానిని విడిగా పెట్టారు. నేటి కంపైలర్లకు ఆ వివరం తప్పనిసరి కాదు. రాయాలనిపిస్తే, ఒకప్పుడు యూనివాక్ అని రాసిన చోట ఎవరి కంప్యూటర్ పేరు వారు రాసుకోవచ్చు.